వార్తాలేఖ కూర్పు

పెద్ద కర్మాగారములలోను కార్యాలయములలోను పనిచేయువారికై నెలకొకసారి చిన్న పత్రిక వెలువడుచుండును. దానిని వార్తాలేఖ యందురు. ఎవరు పదవీవిరమణ చేసిరి, ఎవరి బిడ్డ పరీక్షలో ప్రథమశ్రేణి పొందెను, కాంటీను వేళలు ఏ దినమునుండి మారును, ఎచ్చట ఇనుపటోపీ లేక తిరుగరాదు - ఇట్టి సంగతులు అందుండును. లోకమునకు అవి పెద్దవార్తలు కావు. కాని ఆ గోడలలోపల పనిచేయువారు దినపత్రికకంటె ముందు దానినే చదువుదురు.

నేను చదువు ముగించి ఒక కర్మాగారపు కార్యాలయమున గుమాస్తాగా చేరిన క్రొత్తలో ఈ పత్రికను కూర్చుపని నాకు అప్పగించిరి. కంప్యూటరుమీద తెలుగు టైపుచేయుట నాకు వచ్చును. అది వచ్చినచో కూర్పు వచ్చినట్లేయని తలంచితిని.

ఆ పత్రిక నాలుగు పుటలది. ఏ3 కాగితము 420 మిల్లీమీటర్ల పొడవును, 297 మిల్లీమీటర్ల వెడల్పును కలిగియుండును. దానిని నడుమకు మడచినచో ఏ4 పరిమాణముగల పుటలు నాలుగు ఏర్పడును. మీరును ఒక కాగితమును మడచి, పుటలకు అంకెలు వేసి, మరల విప్పి చూడుడు. ఒకవైపున 4, 1 అంకెలును, రెండవవైపున 2, 3 అంకెలును ప్రక్కప్రక్కన కానవచ్చును. మడతపెట్టు పత్రికలు నాలుగు, ఎనిమిది, పండ్రెండు పుటలుగా పెరుగుటకు కారణమిదియే.

మొదటినెల నేను చేసిన పొరపాట్లు అనేకములు. ప్రతి శీర్షికను విడిగా ఎంచుకొని, ఒకదానిని పెద్దది చేసితిని, ఒకదానికి రంగు వేసితిని. వర్డ్ ప్రాసెసరులో స్టైల్ అను సదుపాయము కలదు. శీర్షిక ఎట్లుండవలెనో ఒక్కచోట నిర్ణయించినచో ఆ పేరు పెట్టిన శీర్షికలన్నియు ఒక్కసారిగా మారును. ఇది తెలియక ఒక మధ్యాహ్నమంతయు వ్యర్థము చేసికొంటిని. మరియొకటి: తెలుగు అక్షరములకు పైన గుణింతపు గుర్తులు, క్రింద ఒత్తులు ఉండును. 'స్త్రీ', 'రాష్ట్రము' వంటి మాటలలో ఒత్తు క్రింద ఒత్తు వ్రేలాడును. ఇంగ్లీషునకు సరిపోవు వరుసల ఎడము మనకు చాలదు. పైవరుస ఒత్తులు క్రిందివరుస గుడులను తాకును. ఇక సన్నని నిలువుపట్టీలలో రెండంచులను సమముగా నిలుపగోరితిరా, మన మాటలు పొడవైనవగుటచే మాటల నడుమ పెద్దపెద్ద సందులు పడును. అట్టిచోట ఎడమ అంచును మాత్రము సమముగా ఉంచి, కుడి అంచును దాని యిష్టమునకు విడుచుటయే మేలని నా అభిప్రాయము.

అక్షరరూపములను ఫాంట్లు అందురు. గురజాడ, సూరన్న, పెద్దన, మండలి అను పేర్లతో నేడు చక్కని తెలుగు ఫాంట్లు ఉచితముగా లభించుచున్నవి. గిడుగు అను పేరిటను ఒకటి కలదు. వాడుకభాషకై పోరాడిన ఆ మహనీయుని పేరుగల అక్షరములతో నా ఈ గ్రాంథికమును ముద్రించినచో ఆయన ఏమనియుండెడివారో!

పూర్వము ఇంగ్లీషు అక్షరముల స్థానములలోనే తెలుగు రూపములను అమర్చిన ఫాంట్లు ఉండెడివి. ఆ ఫాంటు లేని కంప్యూటరులో తెరచినచో తెలుగు పోయి అర్థములేని ఇంగ్లీషు అక్షరములు కనబడెడివి. 1991లో వెలువడిన యూనికోడ్ తెలుగునకు ప్రత్యేకముగా 128 స్థానములను కేటాయించెను. కావున ఫాంటు మారినను 'క' ఎల్లప్పుడు 'క'గనే యుండును. ఇది గొప్ప మేలు. అయితే రెండవనెలలో నన్ను మోసపుచ్చినదియు ఈ మేలే.

ఆనెల నాలుగవపుటలో రక్తదానమునకు ముందుకువచ్చిన ఇరువదినలుగురి పట్టిక వేయవలసియుండెను. ప్రమాదము జరిగినప్పుడు ఎవరిని పిలువవలెనో దానిని చూచియే తెలిసికొందురు. నేను రెండు పెట్టెలను ప్రక్కప్రక్కన నిలిపి, ఎడమదానిలో పేర్లను, కుడిదానిలో రక్తవర్గములను వ్రాసితిని. నా తెరమీద ముత్యములవలె ఎదురెదురుగా నిలిచినవి. ఆ ఫైలును ముద్రణాలయమునకు ఇచ్చి వచ్చితిని.

మరునాడు నమూనాప్రతి చూచుటకు వెళ్లితిని. అచ్చట ప్రూఫులు దిద్దు వృద్ధుడు ఒకడు, పూర్వము సీసపు అక్షరములను కూర్చినవాడు, కండ్లద్దములు సవరించుకొని అడిగెను:

"నాయనా, ఈ చివరాయనకు రక్తము లేదా?"

చూచితిని. ఇరువదినాలుగవ పేరునకు ఎదుట ఏమియు లేదు. "ఎక్కడనో జారిపోయినదండి, చేర్చెదను" అంటిని.

"చేర్చుటకు ముందు కొంచెము పైకి చూడు" అనెను.

నా ఫాంటు వారి కంప్యూటరులో లేదు. దానికి బదులుగా కొంచెము వెడల్పైన ఫాంటు వచ్చెను. దానివలన తొమ్మిదవ పేరు ఇమడక రెండు వరుసలుగా విరిగెను. దాని దిగువనున్న పదునైదు పేర్లును ఒక్కొక్క వరుస క్రిందికి దిగెను. కుడిపెట్టె మాత్రము కదలలేదు. ఓ నెగటివ్ వాని ఎదుట బీ పాజిటివ్ నిలిచెను. అక్షరములే చెడియుండినచో ఎవరైనను గుర్తించియుందురు. ఇచ్చట పుట చూచుటకు బాగుగనే యుండెను. ఆసుపత్రిలో రక్తమును మరల పరీక్షింపక ఎక్కింపరన్నమాట నిజమే. కాని అర్ధరాత్రివేళ తగనివానిని నిద్రలేపి రప్పించినచో పోవు కాలమును ఎవరు తెచ్చియిత్తురు?

"సీసపు అక్షరముల కాలమున పేరును, దాని ఎదుటి ముక్కను ఒకే వరుసగా స్టిక్కులో కూర్చెడివారము. జరిగినచో రెండును కలిసియే జరుగును" అనెను వృద్ధుడు.

వర్డ్ ప్రాసెసరులో ఆ పని చేయునది టేబుల్. అందు ఒక పేరును దాని రక్తవర్గమును ఒకే అడ్డువరుసలో ఉండును. పేరు రెండుగా విరిగినచో వరుస ఎత్తు పెరుగునే గాని జంట విడిపోదు. నేను అచ్చటనే కూర్చుండి పెట్టెలను తొలగించి, టేబుల్ గీసి, పేర్లను మరల ఎక్కించితిని. పిమ్మట నా ఫాంటును వారి కంప్యూటరులో చేర్చి, ఫాంటు లోపలనే ఇమిడియుండునట్లు పీడీఎఫ్ గా మార్చితిని.

వృద్ధుడు క్రొత్తప్రతిని చేతబట్టి ఒక్కొక్క పేరును, వర్గమును బిగ్గరగా చదివెను. నేను కార్యాలయపు రిజిస్టరులో చూచి గుర్తుపెట్టుచుంటిని. ఇరువదినాలుగవ వరుస ముగిసినపిదప అతడు ఎఱ్ఱపెన్సిలుతో పుటమూల 'అచ్చువేయవచ్చును' అని వ్రాసి, తరువాతి ప్రూఫును అందుకొనెను.