టీ అంగడి పెట్టేముందు కప్పులు లెక్కపెట్టండి

"పది లక్షలు ఎట్లో సర్దుతాం సార్. పిల్లోడు ఏం పెడితే బాగుంటాదో చెప్పండి." పలమనేరు, పుంగనూరు వైపు తల్లిదండ్రులు ఈమధ్య నన్ను ఎక్కువగా అడుగుతున్నది ఇదే. డిగ్రీయో ఇంజినీరింగో అయింది, బెంగళూరులో ఇంటర్వ్యూలు కలిసిరాలేదు, కొడుకు ఇంట్లో ఫోన్ పట్టుకుని కూర్చున్నాడు. తండ్రికి నిద్ర పట్టదు. "మీవోడు ఏం చేస్తా ఉండాడు?" అని వీధిలో అడిగేవాళ్లకు చూపించడానికి ఒక బోర్డు కావాలి. పెళ్లి సంబంధాల వాళ్లకు "బిజినెస్" అని చెప్పడానికి ఒక షట్టర్ కావాలి. ఏ అంగట్లోనైనా వీడు నెల రోజులు నిలబడ్డాడా అని నేను అడిగితే తండ్రీ కొడుకులిద్దరూ నా వైపు వింతగా చూస్తారు.

డబ్బు పెడితే వ్యాపారం నడుస్తుందన్నది మన వైపు బలంగా పాతుకుపోయిన భ్రమ. ఉద్యోగానికి చదువు కావాలి, అనుభవం కావాలి అని ఒప్పుకునే మనిషే అంగడికి మాత్రం పెట్టుబడి చాలంటాడు. ఆ పెట్టుబడి కోసం అమ్మ నగలు బ్యాంకుకు పోతాయి, లేదంటే రోడ్డు పక్క సెంటు జాగా అమ్ముడుపోతుంది. ఇరవై రెండేళ్ల కుర్రాడి నెత్తిన ఇంటిల్లిపాది ఆశ, అప్పు ఒకేసారి పెట్టి, ఆరు నెలల్లో లాభం చూపించమంటారు. ఇంతకంటే ఉద్యోగం రాని ఖాళీ రోజులే వాడికి నయం.

ఇప్పటి మోజు టీ ఫ్రాంచైజీ. రంగురంగుల బోర్డు, మట్టి కప్పు, గోడ మీద రెండు కొటేషన్లు. కంపెనీ వాళ్లు చూపించే కాగితంలో రోజుకు అయిదారు వందల కప్పులు అమ్ముడుపోతుంటాయి. ఆ కాగితం పక్కన పెట్టి మనమే లెక్క వేద్దాం. కప్పు 15 రూపాయలు అనుకోండి. పాలు, టీపొడి, చక్కెర, గ్యాసు, కప్పు కలిపి 8 పోతే 7 మిగులుతుంది. అద్దె 15,000, ఇద్దరు పనివాళ్లకు 26,000, కరెంటు, చిల్లర ఖర్చులు 4,000. ఫ్రాంచైజీ ఫీజుకు, లోపలి సోకులకు తెచ్చిన 5 లక్షల అప్పు 12 శాతం వడ్డీకి అయిదేళ్లలో తీరాలంటే నెల కిస్తీ సుమారు 11,000. మొత్తం 56,000. ఏడుతో భాగిస్తే నెలకు 8,000 కప్పులు, రోజుకు 267. ఇందులో మీ అబ్బాయి జీతం లేదు. వాడికి నెలకు 15,000 వేస్తే రోజుకు 338 కప్పులు పోవాలి. పన్నెండు గంటలు అంగడి తెరిస్తే రెండు నిమిషాలకు ఒకటి చొప్పున, వానలోనూ, పండగలోనూ, పక్కన ఇంకో టీ అంగడి తెరిచిన మరుసటి రోజునా. కంపెనీ రాయల్టీ అడిగితే అది మళ్లీ వేరే.

"హైవే పక్కన సార్, జనానికేం కొదవ" అంటారు. నిజమే, బెంగళూరు-చెన్నై రోడ్డు పలమనేరుకు అన్నం పెట్టింది. కానీ వి.కోట, పలమనేరు, బంగారుపాళెం మండలాల మీదుగా వస్తున్న కొత్త ఎక్స్‌ప్రెస్‌వే సంగతి కూడా చూసుకోవాలి కదా. ఎక్కడ పడితే అక్కడ బండి ఆపి టీ తాగే రోడ్డు కాదది. ఎక్కే చోటు, దిగే చోటు తప్ప మిగతాదంతా కంచె. అది పూర్తిగా తెరుచుకున్నాక పాత రోడ్డు మీద ఎన్ని కార్లు మిగులుతాయో ఆలోచించకుండా పదేళ్ల లీజు రాసేవాళ్లను చూస్తే నాకు భయం వేస్తుంది. ఏ చోటు నచ్చినా అక్కడ ఒక వారం పొద్దున, మధ్యాహ్నం, రాత్రి కూర్చుని, పక్క అంగడి ముందు ఎంతమంది ఆగుతున్నారో మీ అబ్బాయినే లెక్క రాయమనండి. ఆ పనికి బద్ధకించేవాడు రేపు షట్టర్ కూడా ఎత్తడు.

రెండో మోజు పుంగనూరు ఆవు. 2024 సంక్రాంతికి ప్రధాని తన నివాసంలో ఈ పొట్టి ఆవులకు మేత పెడుతున్న ఫొటోలు దేశమంతా తిరిగాక, మన వైపు ప్రతి వాట్సాప్ గ్రూపులోనూ దూడ ధర లక్షల్లో పలుకుతోంది. ఈ జాతిని కాపాడే పని పలమనేరు పశుపరిశోధన కేంద్రం ఎన్నో ఏళ్లుగా చేస్తోంది. పాలు వెన్న శాతంలో గొప్పవే, కొలతలో కొంచెం. అంటే ఇది పాల వ్యాపారం కాదు, ముచ్చట పడి కొనేవాళ్ల మీద నడిచే వ్యాపారం. ముచ్చట తీరిన రోజు ధర ఏమవుతుందో ఎవరూ చెప్పలేరు. పొట్టిగా ఉన్న సంకర దూడను పుంగనూరు అని అంటగట్టే దళారులకూ కొదవ లేదు. "దూడలను మేమే తిరిగి కొంటాం" అని ఎవరైనా కాగితం రాసిస్తానంటే, కుప్పం దాటి తమిళనాడులోకి పోయి ఈము పక్షి గురించి అడగండి. ఈరోడ్ దగ్గర పెరుందురైలో అచ్చం అదే మాట చెప్పి వేలమంది దగ్గర డబ్బు కట్టించుకున్న కంపెనీ 2012లో మూతపడింది. మన రాష్ట్రంలోనూ ఈములను పెంచిన రైతులు చివరికి మేత పెట్టలేక చేతులెత్తేశారు. ఇంట్లో ఇప్పటికే ఆవులుంటే, మేత, వైద్యం తెలిసిన అమ్మానాన్నలుంటే పాల వ్యాపారాన్ని నేను కాదనను. పది పదిహేను రోజులకోసారి చేతికి డబ్బు వచ్చే పని అది. యూట్యూబ్ చూసి ఒకేసారి పది ఆవులు కొనేవాళ్లతోనే నా పేచీ.

టమాటా మాట లేకుండా ఇక్కడ ఏ సంభాషణా ముగియదు. 2023 జూలైలో మదనపల్లె మార్కెట్లో మొదటి రకం కిలో దాదాపు 200 రూపాయలకు చేరింది. కోట్లు చూసిన రైతుల కథలు టీవీల్లో తిరిగాయి. సెప్టెంబరు కల్లా పది రూపాయల లోపుకు పడిపోయింది. మంచి ధర చూసి నాటినవాళ్ల పంట ఆ పడిపోయిన ధరకే వచ్చింది. చదువుకున్న పిల్లలు దీన్ని చూసి "ధర పడినప్పుడు కొని కెచప్ చేసి అమ్ముతాం సార్" అంటారు. వినడానికి బాగుంటుంది. కాయ చవగ్గా దొరకడం ఆ వ్యాపారంలో తేలికైన భాగం. సరుకు తయారుచేసి, ఆరు నెలలు నిల్వపెట్టి, పెద్ద కంపెనీల సీసా పక్కన మీ సీసా అమ్మించడమే కష్టం. 2025 వేసవిలో చిత్తూరు తోతాపురి మామిడికి ఏమైందో గుర్తు చేసుకోండి. ఏళ్ల తరబడి నడుస్తున్న గుజ్జు ఫ్యాక్టరీలే పాత నిల్వలున్నాయని కొనడానికి వెనకాడితే, ప్రభుత్వం కిలోకు 4 రూపాయలు కలపాల్సి వచ్చింది. అంత అనుభవమున్న వాళ్లే నిల్వతో ఇబ్బంది పడిన చోట కొత్త కుర్రాడు అప్పు తెచ్చి దిగడం నాకు నచ్చదు.

టమాటా ధర పెరిగినా తరిగినా ఆగని పనులు కొన్నున్నాయి. నన్నడిగితే వాటి వైపు చూడమంటాను. నారు నర్సరీ ఒకటి. ప్రోట్రేలలో కొబ్బరి పొట్టు వేసి పెంచిన టమాటా నారు 25 నుంచి 30 రోజుల్లో నాటుకు వస్తుంది. రైతు ముందే ఆర్డరిచ్చి బయానా ఇస్తాడు, నెలలోపు మిగతా డబ్బు వస్తుంది. కొత్తవాడికి ఇంత త్వరగా తిరిగి వచ్చే పెట్టుబడి దొరకడం అరుదు. తెగులు తగిలితే ఒక్క వారంలో షెడ్డంతా పోతుంది కాబట్టి, ముందు ఒక సీజను ఇంకొకరి నర్సరీలో కూలికి పనిచేయాలి. "డిగ్రీ చదివి కూలికా?" అనే తండ్రికి నా దగ్గర జవాబుంది: వాడు నేర్చుకుంటుంటే ఎదురు డబ్బిస్తున్నారు, ఏ కోచింగ్ సెంటరిస్తుంది?

మరమ్మతు పనులంటే నాకు ఇంకా మక్కువ. 1990ల్లో ఇజ్రాయెల్ పద్ధతి సేద్యంతో కుప్పం డ్రిప్‌కు పేరు తెచ్చుకుంది. ఇప్పుడు మన ఊళ్ల చుట్టూ పొలాల్లో పైపులు, ఫిల్టర్లు, బోరు మోటార్లే. మోటారు కాలిపోయిన రైతు రేట్ల కోసం నాలుగు అంగళ్లు తిరగడు, ఎవడు ముందొస్తే వాడికే పని. వైండింగ్, డ్రిప్ సర్వీసు, సోలార్ పంపు, ఎలక్ట్రిక్ స్కూటర్ బ్యాటరీ... వీటికి నిల్వ సరుకు తక్కువ, నేర్పు ఎక్కువ. నిల్వ సరుకు పాతబడుతుంది, నేర్పు పాతబడదు. పలమనేరు టెర్రకోట పని కూడా ఇలాంటిదే. అయితే అది చేతికి రావడానికి ఏళ్లు పడుతుంది. కుమ్మరి ఇంట్లో పుట్టని పిల్లలు ఆ బొమ్మలను బెంగళూరు ఇళ్లకు, హోటళ్లకు పగలకుండా చేర్చే పని చూసుకుంటే ఇద్దరికీ లాభం.

అప్పు దగ్గరికి వద్దాం. వడ్డీని మనవాళ్లు రూపాయల్లో మాట్లాడతారు, అందుకే దెబ్బ తెలియదు. నూటికి మూడు రూపాయలంటే ఏడాదికి 36 శాతం. దినవడ్డీ ఇంకా మాయ. పదివేలకు ముందే వెయ్యి పట్టుకుని 9,000 చేతికిస్తారు. రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టాలి. "వెయ్యే కదా వడ్డీ" అనిపిస్తుంది. అయితే అసలు రోజురోజుకూ తిరిగి పోతూనే ఉంది. సగటున మీ దగ్గర ఉన్నది 4,500. దాని మీద వంద రోజులకు వెయ్యి అంటే ఏడాదికి సుమారు 80 శాతం. బండి షోరూములో "12 శాతం ఫ్లాట్" అన్నా ఇదే మర్మం: లక్షకు మూడేళ్లలో 36,000 వడ్డీ కట్టించుకుంటే అసలు రేటు దాదాపు 21 శాతం. ఇంటర్ చదివిన ఎవరైనా ఈ లెక్క వేయగలరు. ఎంబీఏ చదివిన కుర్రాళ్లు కూడా వేయకుండా సంతకం పెడుతున్నారు.

అరువు లెక్క కూడా అంతే. వందకు పది మిగిలే కిరాణా సరుకులో 900 రూపాయల అసలు ఒకడు ఎగ్గొడితే, అది పూడటానికి 9,000 రూపాయల సరుకు అమ్మాలి. మామయ్య వరసవాళ్లు, బాబాయి స్నేహితులు వచ్చి "రాసుకో అబ్బీ" అంటే కొత్తవాడు కాదనలేడు. మొదటి రోజునుంచే అరువు లేదని చెప్పే పని తండ్రి చేయాలి, కొడుకు మీదకు తోయకూడదు. ఇంకొకటి, గల్లాపెట్టె నుంచి ఇంటికి కూరగాయలకు, చెల్లి ఫీజుకు, గుడి చందాకు తీస్తూ పోయే ఇళ్లలో లాభం ఎక్కడికి పోయిందో చివరికి ఎవరికీ తెలియదు. అంగడికి వేరే బ్యాంకు ఖాతా, పిల్లవాడికి నెల జీతం. ఈ రెండూ ఒప్పుకోని తండ్రికి నేను సలహా ఇవ్వడం మానేశాను.

ముద్ర రుణం శిశు కింద 50,000, కిశోర్ కింద 5 లక్షలు, తరుణ్ కింద 10 లక్షల దాకా, పాత అప్పు సరిగా తీర్చినవాళ్లకు 20 లక్షల దాకా ఉంటుంది. దరఖాస్తు దళారి లేకుండా నేరుగా బ్యాంకులో పెట్టుకోండి. "మీ ముద్ర లోను మంజూరైంది, ప్రాసెసింగ్ ఫీజు పంపండి" అని ఫోన్‌కు వచ్చే లెటర్లన్నీ దొంగవే. చిన్న వ్యాపారాలకు ఇచ్చే ఉద్యం రిజిస్ట్రేషన్ ఉచితం, దానికి రెండు మూడు వేలు అడిగేవాడిని నమ్మకండి. పీఎంఈజీపీ అనే కేంద్ర స్వయం ఉపాధి పథకం సబ్సిడీ గురించి దళారులు చెప్పని సంగతి ఒకటుంది. ఆ డబ్బు చేతికి రాదు. మీ పేరు మీద బ్యాంకులో మూడేళ్లు డిపాజిట్‌గా ఉంటుంది, యూనిట్ నడుస్తుంటేనే అప్పులో సర్దుతారు. సబ్సిడీ చూసి వ్యాపారం ఎంచుకున్నవాళ్లు మూడేళ్లు నడపలేక మొత్తం అప్పు తమ నెత్తినే వేసుకున్నారు. నేర్చుకోవాలనుకుంటే బ్యాంకులు నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలు భోజనం, వసతితో సహా ఉచితంగా నేర్పుతాయి. "వారాంతంలో కోటీశ్వరులు కండి" అనే హోటల్ మీటింగులకు అయిదువేలు కట్టే పిల్లలకు వీటి పేరే తెలియదు. చేరడానికి డబ్బు కట్టి, ఇంకో ఇద్దరిని చేర్పిస్తే కమీషన్ అనే గొలుసు స్కీములను 2021 డైరెక్ట్ సెల్లింగ్ నిబంధనలు నిషేధించాయి. కాలేజీ సీనియర్ పిలిచాడని వెళ్లకండి.

డ్వాక్రా సంఘంలో అమ్మ పేరు మీద తీసిన అప్పు కొడుకు అంగట్లో పెట్టడం మన పల్లెల్లో మామూలైపోయింది. వాడి అంగడి దెబ్బతింటే కిస్తీ ఆగేది అమ్మ ఒక్కదానిది కాదు. సంఘంలో పదిమంది ఆడవాళ్లకూ తర్వాతి అప్పు ఆగుతుంది, వారం వారం మీటింగులో ఆమె తల దించుకుని కూర్చోవాలి. కూతురికి మాత్రం అదే సంఘం డబ్బుతో అడగకుండానే కుట్టుమిషను కొనిస్తారు. లెక్కల్లో ఫస్టు వచ్చే పిల్ల, మండీలో కమీషన్ లెక్క అన్నకంటే వేగంగా చెప్పే పిల్ల నైటీలు కుడుతూ కూర్చోవాలి. ఆ పిల్ల చేతికి అన్న అంగడి పద్దు పుస్తకం ఇచ్చి, జీతమిచ్చి చూడండి.

ఇక ఎంత డబ్బు ఇవ్వాలి? మొత్తం పోయినా ఇల్లు, పొలం, అమ్మ నగలు కదలక్కర్లేనంత. చాలా ఇళ్లలో అది పది లక్షలు కాదు, యాభై వేలో లక్షో. అంతలో మొదలయ్యే పనే మొదట చేయాలి. తెరిచే ముందే ఇద్దరూ కూర్చుని ఒక కాగితం మీద రాసుకోండి: ఎన్ని నెలలు చూస్తాం, ఎంత నష్టం దాకా భరిస్తాం, ఆ అంకె వచ్చిన రోజు ఎవరినీ తిట్టకుండా మూసేస్తాం. కొడుకు ఒక సంతకం, తండ్రి ఒక సంతకం. మూసేశాక వాడు మళ్లీ ఉద్యోగానికి దరఖాస్తు పెడితే "బిజినెస్ ముంచి వచ్చాడు" అని బంధువుల ముందు అనకూడదన్న షరతు కూడా అందులోనే, తండ్రి సంతకం పైన రాయించండి.