మన హాలుకు ఏ టీవీ తేవాలి?



వార్షికోత్సవం వచ్చిందంటే పాత విద్యార్థులందరం కలిసి హాస్టలుకు ఏదో ఒకటి కొనిపెట్టాలనుకోవడం మామూలే. చందా పోగయ్యాక "పెద్ద టీవీ తెద్దాం" అనే మాట తప్పకుండా వస్తుంది. మంచిదే. కాని క్రికెట్ కోసం కొనే టీవీ వేరు, టీ-శాట్ పాఠాల కోసం కొనే టీవీ వేరు. క్రికెట్‌లో బంతి కనబడకపోయినా స్కోరు పక్కవాడు చెబుతాడు. లెక్కల పాఠంలో పైన వేసిన ఘాతం రెండో మూడో వెనక వరుసలో వాడికి కనబడకపోతే ఆ లెక్క పోయినట్టే.

టీవీతో చదువు చెప్పడం కొత్తేమీ కాదు. 1975 ఆగస్టు నుంచి 1976 జూలై వరకు ఇస్రో 'సైట్' అనే ప్రయోగం చేసింది. అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 ద్వారా ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 పల్లెలకు కార్యక్రమాలు అందించారు. అప్పటి ఆంధ్రప్రదేశ్ వాటిలో ఒకటి. ఊరంతా ఒకే సెట్టు ముందు కూర్చునేవారు. మన హాల్లోనూ అంతే, టీవీ ఒక్కటి, కళ్లు అనేకం.

కాబట్టి ముందు దూరం కొలవండి. టీవీ అంగుళాలను ఒక మూల నుంచి ఎదుటి మూలకు కొలుస్తారు. 32 అంగుళాల తెర ఎత్తు దాదాపు 40 సెంటీమీటర్లే. 43కు 54, 55కు 68 సెంటీమీటర్లు వస్తుంది. కంటి డాక్టరు చార్టులో 6/6 వరుస అక్షరం ఎత్తు 9 మిల్లీమీటర్లకు కొంచెం తక్కువ. ఆరోగ్యమైన కన్ను 6 మీటర్ల నుంచి దాన్ని కష్టపడి చదువుతుంది. ఒత్తులు, గుణింతాలు ఉన్న మన తెలుగును హాయిగా చదవాలంటే దానికి మూడు రెట్లు, అంటే రెండున్నర సెంటీమీటర్లకు పైగా కావాలని నా అంచనా. పాఠంలో తెర నిండా 10 వరుసలున్నాయనుకోండి. వరుసల మధ్య ఖాళీ పోగా అక్షరానికి సగం ఎత్తు మిగులుతుంది. 32లో అది 2 సెంటీమీటర్లు, 43లో 2.7, 55లో 3.4. చివరి వరుస 6 మీటర్ల దూరంలో ఉంటే 32 చాలదు, 43 బొటాబొటి, 55 సుఖం.

ఇక 4కే సంగతి. షాపువాడు మొదట చెప్పేది అదే. ఫుల్ హెచ్‌డీలో 1920×1080 చుక్కలు, 4కేలో 3840×2160. 55 అంగుళాల ఫుల్ హెచ్‌డీ తెరపై చుక్క వెడల్పు 0.63 మిల్లీమీటర్లు. రెండు మీటర్లు దాటాక మామూలు కన్ను ఆ చుక్కలను విడదీయలేదు. అంటే వెనక వరుసకు 4కే వల్ల ఒరిగేది లేదు. ఇప్పుడు 55లో ఎక్కువగా 4కేవే దొరుకుతున్నాయి, తీసుకోండి. కాని 4కే కోసం సైజు తగ్గించుకోవద్దు. 'హెచ్‌డీ రెడీ' అని రాసి ఉంటే అది తరచుగా 1366×768 మాత్రమే. పైగా మామూలు ఎస్‌డీ ఛానల్‌లో వచ్చేదే 576 గీతలు, లేని వివరాన్ని ఏ టీవీ సృష్టించలేదు.

హాల్లో అందరూ ఎదురుగా కూర్చోరు కదా! పక్కనుంచి చూస్తే రంగులు వెలిసిపోయే తెరలు ఉంటాయి. వీఏ ప్యానెల్ నలుపు బాగా చూపిస్తుంది, పక్కలకు పాలిపోతుంది. ఐపీఎస్ ప్యానెల్ పక్కనుంచి కూడా నిలకడగా ఉంటుంది. మనకు రెండోదే మేలు. ఖమ్మంలో కొన్నా, మధిరలో కొన్నా షాపులో ఓ మూలకు జరిగి చూడండి, సిగ్గుపడకండి. అక్కడ 'వివిడ్' మోడ్‌లో పెట్టి ఆకుపచ్చను చిలకపచ్చ చేస్తారు. 'స్టాండర్డ్'కు మార్పించి, పాఠం వీడియో ఒకటి పెట్టించి అడగండి. హాల్లో బిగించేటప్పుడు కిటికీకి ఎదురుగా పెట్టవద్దు, ఎత్తులో పెడితే కొంచెం కిందికి వంచండి.

2025 సెప్టెంబరు 22 నుంచి 32 అంగుళాలు దాటిన టీవీలపై జీఎస్టీ 28 శాతం నుంచి 18కి తగ్గింది. 32 వరకు ముందే 18 ఉండేది. ఆ మిగులుతో స్టెబిలైజరు, గోడ స్టాండు కొనవచ్చు. వారంటీ కార్డులో 'ఇంటి వాడకానికి మాత్రమే' అని ఉందేమో డబ్బు కట్టకముందే చదవండి. ఉంటే హాస్టలుకు వర్తిస్తుందో లేదో బిల్లు మీద రాయించుకోండి.