గోడ సంస్కారం

పాఠ్యభాగ ఉద్దేశం: నిత్యజీవితంలోని ఒక పనిని శాస్త్రదృష్టితో పరిశీలించడం; కంటికి కనిపించని శ్రమ విలువను గుర్తించడం.

ఇంటికి అందం రంగువల్ల వస్తుందని లోకుల భావన. ఆ రంగు ఎంతకాలం నిలుస్తుందనేది మాత్రం గోడను సిద్ధం చేసిన తీరుపై ఆధారపడి ఉంటుంది. ప్రాచీనులు ఈ సంగతిని బాగా ఎరుగుదురు. విష్ణుధర్మోత్తర పురాణంలోని చిత్రసూత్ర భాగం బొమ్మలు వేసే విధానంతోపాటు, ఇటుకపొడి, మట్టి, జిగురు పదార్థాలతో గోడను సంస్కరించే పద్ధతిని కూడా వివరించింది. పన్నెండవ శతాబ్దికి చెందిన చాళుక్య చక్రవర్తి మూడవ సోమేశ్వరుడు ‘మానసోల్లాసం’లో తోలును ఉడికించి తీసే ‘వజ్రలేపం’ అనే జిగురును పేర్కొన్నాడు. పదహారవ శతాబ్దిలో లేపాక్షి ఆలయపు రాతికప్పుపై విజయనగర చిత్రకారులు రంగులద్దడానికి ముందు సున్నపు పూతతో దానిని నునుపు చేశారు.

లేపాక్షికి తూర్పు, ఆగ్నేయ దిశలలో ఉన్న మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాలలోని పాత ఇళ్లలో మట్టితోనో రాతితోనో కట్టి, సున్నపు గార పూసిన గోడలు ఉన్నాయి. సంక్రాంతికి ముందు వాటికి వెల్ల వేయడం ఆచారం. సున్నపురాయిని బట్టీలో కాలిస్తే బొగ్గుపులుసు వాయువు వెలువడి పొడిసున్నం మిగులుతుంది. దానిని నీటిలో విరియబోసి గోడకు పూస్తే, గాలిలోని అదే వాయువును గ్రహించి, క్రమంగా మళ్లీ రాయిగా మారుతుంది. ఆ పూతలోని సూక్ష్మరంధ్రాల గుండా గోడలోని తేమ ఆవిరిగా బయటికి పోతుంది.

తరువాత పట్టణాల పడకగదులలోకి గోడకాగితం ప్రవేశించింది. ఈశాన్య ఋతుపవనాల కాలంలో, అక్టోబరు నుండి డిసెంబరు వరకు, గోడలు చెమ్మగిల్లితే కాగితం వెనుక బూజు పడుతుంది, అంచులు లేస్తాయి. అప్పుడు కాగితం తొలగించి రంగు వేయించాలని ఇంటివారు సంకల్పిస్తారు. అసలు పని ఇక్కడే మొదలవుతుంది.

గోడను తడపవలసి ఉంటుంది కనుక ముందుగా గదికి విద్యుత్తు నిలిపివేయాలి. కాగితంపై సన్నని గీతలు పెట్టి, గోరువెచ్చని నీటితో తడిపి, నానిన తరువాత వెడల్పాటి రేకుతో మెల్లగా గీకాలి. కాగితం ఊడినా బంక గోడపైనే ఉంటుంది. దానిని కడిగివేయకుండా రంగు వేస్తే పూత పగుళ్లు వారుతుంది. గోడ పూర్తిగా ఆరిన తరువాత అరచేతితో రుద్ది చూడాలి. చేతికి పొడి అంటితే పాత సున్నపు పొర పట్టు వదిలిందని అర్థం. దానిని గీకివేయకుండా లప్పం పూస్తే, కొంతకాలానికి లప్పమూ రంగూ కలిసి పెచ్చులుగా రాలిపోతాయి.

చెమ్మ ఎక్కడినుండి వస్తున్నదో కనిపెట్టడం మరింత ముఖ్యం. కప్పు కారుతున్నదా, స్నానాలగది గొట్టం పగిలిందా, నేలలోని నీరు పైకి ప్రాకుతున్నదా అని పరిశీలించి, ముందు దానిని సరిచేయాలి. గోడ గట్టిపడిన తరువాత పగుళ్లను పూడ్చి, లప్పాన్ని పలుచగా రెండుసార్లు పూసి, ఆరనిచ్చి, గరుకు కాగితంతో రుద్ది, దుమ్ము తుడిచి, ప్రైమరు వేయాలి. రంగు రెండు పూతలు ఆ తరువాతనే. సున్నపు గార గోడలకు మాత్రం ఈ పద్ధతి పనికిరాదు. సిమెంటు లప్పం, ప్లాస్టిక్ రంగు వాటి రంధ్రాలను మూసివేస్తే తేమ లోపలే చిక్కుకొని గార చెడిపోతుంది. వాటికి వెల్ల వేయడమే శ్రేయస్కరం.

ఈ పనిలో కంటికి కనిపించని అపాయం ఒకటి ఉంది. మన దేశంలో ఇళ్ల రంగులలో సీసం పదిలక్షల భాగాలకు 90 భాగాలను మించరాదన్న నిబంధన 2017 నవంబరు 1 నుండి అమలులోకి వచ్చింది. అంతకుముందు వేసిన రంగులలో సీసం అధికంగా ఉండవచ్చు. పొడిగా రుద్దితే ఆ ధూళి శ్వాసలో కలుస్తుంది. సీసం పసిపిల్లల మెదడు ఎదుగుదలకు హాని చేస్తుంది, గర్భిణులకూ ప్రమాదకరం. కనుక పాత రంగును తడిపి గీకాలి. ధూళిని తడిగుడ్డతో ఎత్తివేయాలి. పని ముగిసేవరకు పిల్లలను ఆ గదిలోకి రానీయరాదు.

ఆ ధూళిని అందరికంటే ఎక్కువగా పీల్చేది రంగు పనివాడు. తలపైకి చేతులెత్తి పూటంతా గోడను రుద్దే అతనికి సరైన ముఖకవచం ఇవ్వడం ఇంటి యజమాని బాధ్యత. బేరం కుదుర్చుకొనేటప్పుడు సాధారణంగా ఎన్ని పూతలని అడుగుతారు. గీకడానికి, ఆరబెట్టడానికి ఎన్ని రోజులని అడిగేవారు అరుదు. కూలి తగ్గించమంటే తగ్గేది ఆ రోజులే. వాటికి తగిన కూలి ముట్టజెప్పిన ఇంటిలో గోడ చాలాకాలం నిలుస్తుంది. పనివాడి ఊపిరికీ రక్షణ కలుగుతుంది.

అర్థాలు
సంస్కారం = సిద్ధపరచడం, శుద్ధిచేయడం
వెల్ల = సున్నపు పూత
గార = గోడకు పూసే సున్నపు అడుసు
శ్రేయస్కరం = మేలు కలిగించేది

ప్రశ్నలు
1. సున్నపు పూత మళ్లీ రాయిగా మారే క్రమాన్ని వివరించండి.
2. గోడకాగితం తొలగించిన తరువాత రంగు వేయడానికి ముందు చేయవలసిన పనులేవి?
3. ‘కూలి తగ్గించమంటే తగ్గేది ఆ రోజులే’ – ఈ వాక్యంలోని ఆంతర్యాన్ని సమర్థిస్తూ రాయండి.