పేరు ఏ పొరలో ఉండవలెను

రాజమహేంద్రవరము

చిరంజీవి మేనల్లునకు,

భీమవరము ప్రక్క రొయ్యల చెరువులపై నీటికి గాలిని అందించు ఏరేటర్లను నడిపించుటకై నీవు చేయించిన బోర్డు నిన్న నా చేతికి అందినది. రాగి దారులు పొందికగా ఉన్నవి. రిలేలకును చిన్న విద్యుత్తు నడచు దారులకును మధ్య నీవు విడిచిన ఎడము చూచి సంతోషించితిని. కాని ఆ పచ్చని పలక మీద ఒక్క అక్షరమైనను లేదు! కంప్యూటరు తెరపై ప్రతి రెసిస్టరు పేరును కనబడుచుండెనని ఫోనులో చెప్పితివి. కనబడును, ఏలయన లైబ్రరీలో ఆ పేర్లను నీవు 51వ లేయరునందు, అనగా మనము చూచుకొనుటకు మాత్రమే ఏర్పడిన పొరయందు, ఉంచితివి. సిల్క్‌స్క్రీన్ ఫైలులోనికి, అనగా బోర్డుపై అక్షరములను అచ్చువేయు ఫైలులోనికి, ఆ పొర పోలేదు.

ఈగిల్ సాఫ్ట్‌వేరున పైవైపు బొమ్మ గీతలకు 21, పేర్లకు 25, విలువలకు 27 అనియు, క్రిందివైపున వరుసగా 22, 26, 28 అనియు లేయర్లు ఏర్పడియున్నవి. ఫుట్‌ప్రింటు (బోర్డుపై భాగము కూర్చుండు ఆకృతి) గీయునప్పుడే పేరు స్థానమున ‘>నేమ్’ అను గుర్తును 25లో ఉంచవలెను. అది అసలు పేరు కాదు, పేరు వచ్చి కూర్చుండు పీట. పీటకు మారుగా ‘ఆర్ 1’ అని చేత వ్రాసినచో, ఆ ఫుట్‌ప్రింటును వాడిన రెసిస్టర్లు నలుబదియైనను నలుబదియు ‘ఆర్ 1’లే అగును. సరియైన లేయరున ఉన్న పేరు, భాగమును క్రిందివైపునకు త్రిప్పినప్పుడు తానును 26లోనికి పోయి, ఆ వైపునుండి చదువుటకు వీలుగా అద్దములోవలె తిరుగును. కీక్యాడ్‌లోను పద్ధతి ఇంచుమించు ఇదియే: పేరు సిల్క్‌స్క్రీన్‌కు, విలువ ఫ్యాబ్ పొరకు.

పొరలు కలిసినచో ఏమగునో నా అనుభవము వినుము. నీ చెరువులకు చేరువనున్న మొగల్లులో జన్మించిన అయ్యగారి సాంబశివరావుగారు 1967లో హైదరాబాదున ఎలక్ట్రానిక్స్ సంస్థయగు ఈసీఐఎల్‌ను నెలకొల్పిరి. ఆ పిమ్మట ఆ నగరమున వెలసిన చిన్న కర్మాగారములలో ఒకదానియందు నేను పనిచేసితిని. అప్పుడు మైలారు షీటుపై నల్లని టేపును రెండింతల కొలతలో అంటించి, కెమెరాతో తగ్గించెడివారము. తొందరలో ఒకసారి పేర్ల అక్షరములను వేరొక షీటుపై గాక, రాగి షీటుపైననే రెండు దారుల నడుమ అంటించితిని. ఎచింగు ముగియగా అక్షరములన్నియు రాగియై నిలిచినవి. ఒక ‘ఆర్’ కాలు ప్రక్క దారిని తాకి, ఆ విడత బోర్డులన్నిటను షార్టు ఏర్పడెను. మూడు రాత్రులు బ్లేడుతో ఆ కాళ్ళను గీకుచు గడపితిని. నేటికిని ఆ అక్షరము కనబడిన వ్రేళ్ళు జిలజిలలాడును.

మన డెల్టాలో పంట కాలువ వేరు, మురుగు కాలువ వేరు. పి. గన్నవరము వద్ద అక్విడక్టుపై కాలువ నీరు వైనతేయ పాయను దాటిపోవుట నీ చిన్నతనమున నా భుజముపై కూర్చుండి చూచితివి. పైనీరు క్రిందినీటితో కలియదు. రాగియు, దానిపై పచ్చని మాస్కును, అక్షరమును నీ బోర్డున అట్లే పోవలెను.

ఇక ఆ బోర్డును చదువువానిని తలచుకొనుము. తెల్లవారుజామున చెరువునీటిలో ప్రాణవాయువు మిక్కిలి తగ్గియుండు వేళనే ఏరేటరు ఆగినదనుకొనుము; గట్టుపై ఫోను లైటు పట్టుకొనిన ఎలక్ట్రీషియను నీకు ఫోను చేసి, “బాబూ, రెండో రిలే పక్కన బుడ్డది మాడిపోయింది, అదేంటండీ?” అనును. రెండవ రిలే ఎటునుండి లెక్కించినదో నీకును తెలియదు, వానికిని తెలియదు. ‘డి 4’ అని అచ్చు పడియున్నచో ఒక్క మాటలో పని ముగియును.

కావున పేర్లన్నిటిని 25లోనికి మార్చుము. భాగము క్రింద దాగినవానిని, ప్యాడ్ల మీద పడినవానిని స్మాష్ చేసి (అనగా భాగమునుండి విడదీసి), ప్రక్కకు జరుపుము. ప్యాడ్లపై పడిన సిరాను బోర్డు చేయువారు సాధారణముగా కత్తిరించి, సగము అక్షరమే మిగుల్తురు. ఎత్తు 1 మిల్లీమీటరు, గీత మందము 0.15 ఉండనిమ్ము. సిల్క్‌స్క్రీన్ ఫైలునకు 21, 25 చాలును. 27ను కూడ చేర్చినచో కిక్కిరిసి ఏదియు చదువరాదు. ఫ్యూజు విలువను మాత్రము ముద్రింపవలెనని నా పట్టుదల, ఏలయన గట్టుపై దానిని మార్చువాడు నీ సర్క్యూటు బొమ్మను చూడబోడు.

బోర్డు చేయువారికి గెర్బరు ఫైళ్ళను పంపుటకు ముందు అసలు కొలతకు కాగితముపై అచ్చు తీసి, రాత్రివేళ ఇంటి దీపములార్పి, ఫోను లైటుతో మీ నాన్నగారిచేత చదివింపుము. ఆయన తడబడిన పేర్లకు సున్న చుట్టి, ఆ కాగితము నాకు పంపుము.

ఇట్లు,
నీ మామయ్య