కీజెన్ ట్యాగ్ పోయింది, దాని చోట ఏం పెట్టాలి?

ఎప్పుడో రాసిన వెబ్ ఫారం మీ చేతికొచ్చింది. సబ్మిట్ నొక్కితే వెళ్తోంది కానీ సర్వర్ మాత్రం కీ రాలేదంటోంది. బ్రౌజర్ కన్సోల్‌లో ఎర్రగా ఒక్క ముక్కా కనపడదు. పేజీ సోర్సు తెరిచి 'కీజెన్' అని వెతకండి. దొంగ అక్కడే దొరుకుతాడు.

నెట్‌స్కేప్ కాలపు ట్యాగ్ ఇది. ఫారంలో 2048, 1024 లాంటి బిట్ల సైజు ఎంచుకోమని చిన్న డ్రాప్‌డౌన్ చూపించేది. ఫారం పంపేటప్పుడు బ్రౌజరే రెండు కీలు తయారుచేసి, ప్రైవేట్ కీని తన దగ్గరే దాచుకుని, పబ్లిక్ కీని సంతకంతో సర్వర్‌కి పంపేది. ఆలోచన మంచిదే. సంతకానికి ఎండీ5 వాడటమే దాని ఖర్మ. 2017లో క్రోమ్ 57, 2019లో ఫైర్‌ఫాక్స్ 69 దీన్ని తీసేశాయి.

ముందుగా ఒకటి తేల్చుకోండి: ఆ కీ పేజీలోనే సంతకాలు పెట్టడానికా, క్లయింట్ సర్టిఫికెట్‌తో లాగిన్ కావడానికా? రెండు దారులూ వేరు.

పేజీలో వాడేదైతే వెబ్ క్రిప్టో చాలు. సైటు హెచ్‌టీటీపీఎస్ మీద ఉండాలి, లేదా లోకల్‌హోస్ట్‌లో నడవాలి. సబ్మిట్‌ని స్క్రిప్టుతో కాసేపు ఆపండి. లేకపోతే కీ తయారయ్యేలోపే ఫారం వెళ్లిపోతుంది. జనరేట్‌కీ ఫంక్షన్‌ని ఈసీడీఎస్‌ఏ, పీ-256 ఇచ్చి పిలవండి. 'ఎక్స్‌ట్రాక్టబుల్' దగ్గర ఫాల్స్ పెట్టండి. అందరూ తడబడేది ఇక్కడే: ఫాల్స్ పెడితే పబ్లిక్ కీ కూడా బయటికి రాదేమోనని ట్రూ పెట్టేస్తారు. ఆ భయం అక్కర్లేదు, పబ్లిక్ కీ ఎలాగూ వస్తుంది. దాన్ని ఎస్‌పీకేఐ రూపంలో ఎక్స్‌పోర్ట్ చేసి, బేస్64లోకి మార్చి, హిడెన్ ఫీల్డులో పెట్టి ఫారం వదలండి. ప్రైవేట్ కీ ఇండెక్స్‌డ్‌డీబీలోకి పోవాలి, లోకల్ స్టోరేజ్‌లోకి కాదు. సర్వర్ కోడ్ కూడా మార్చాలి, పాత సంతకపు మూట ఇక రాదు కదా.

లాగిన్ సర్టిఫికెట్టే కావాలంటే ఈ దారి కుదరదు. వెబ్ క్రిప్టో కీ బ్రౌజర్ సర్టిఫికెట్ల పెట్టెలోకి చేరదు. మీ కంప్యూటర్‌లో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌తో ప్రైవేట్ కీ, దాంతోపాటు సర్టిఫికెట్ అభ్యర్థన ఫైలు తయారుచేయండి. అభ్యర్థన మాత్రమే పంపండి. సర్టిఫికెట్ తిరిగొచ్చాక దాన్నీ కీనీ కలిపి, పాస్‌వర్డ్ పెట్టి, పీ12 ఫైలు చేసి బ్రౌజర్ సెట్టింగ్స్‌లో ఇంపోర్ట్ చేయండి. ఆ ఫైలుని డౌన్‌లోడ్స్ ఫోల్డర్లో వదిలేయకండి.