సందేహాలు – సమాధానాలు: వెనక కొండ, ముందు గెడ్డ... ఇల్లు ఎక్కడ కట్టాలి?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో కొయ్యూరు మండలం వాటా ఎక్కువ. అన్నీ ఇంటి స్థలం గురించే కాబట్టి ఒకచోట పెట్టాను. నేను కట్టుబడి పని తెలిసినవాణ్ణే గాని సిద్ధాంతిని కాను. ముహూర్తాలు అడిగినవాళ్ళు మన్నించాలి.

అయ్యా, మాకు రెండుచోట్ల నేల ఉంది. ఒకటి గెడ్డ ఒడ్డున, వెనకాలే కొండ. రెండోది పైన గరువులో, అక్కడ నీళ్ళు లేవు. విశాఖలో ఉద్యోగం చేసే మా తమ్ముడు ఫెంగ్ షూయి పుస్తకం చూసి ‘వెనక కొండ, ముందు నీళ్ళు, ఇంతకంటే మంచి చోటు దొరకదు’ అంటున్నాడు. మా అమ్మ గెడ్డ దగ్గర వద్దంటే వద్దంటోంది. ఎవరి మాట వినాలి? – ఒక పాఠకుడు, మంప

అమ్మ మాట వినండి. అలాగని తమ్ముడిది ఉత్తుత్తి మాటేం కాదు. ఆ సూత్రం పుట్టిన దేశంలో దానికి లెక్క ఉంది. ఉత్తర చైనాలో చలికాలమంతా సైబీరియా వైపు నుంచి ఎముకలు కొరికే గాలి వీస్తుంది. ఇంటికి ఉత్తరాన కొండ ఉంటే ఆ గాలి నెత్తిమీంచి పోతుంది. ఇల్లు దక్షిణానికి తిరిగి ఉంటే చలికాలపు ఏటవాలు ఎండ గదిలోకి దిగుతుంది. ముందున్న నీళ్ళు పొలానికీ, నిప్పు ప్రమాదానికీ అక్కరకొస్తాయి. కొండ లేనిచోట కొండ పోసుకున్నారు కూడా. బీజింగ్ రాజప్రాసాదానికి వెనక ఉన్న జింగ్‌షాన్ గుట్ట 15వ శతాబ్దంలో కందకం తవ్విన మట్టితో పోసిందే. అన్నట్టు, ఈ శాస్త్రానికి మూలమని చెప్పే గువో పూ గ్రంథం ఇళ్ళ గురించి రాసింది కాదు, సమాధుల గురించి రాసింది. గువో పూ 4వ శతాబ్దం తొలినాళ్ళవాడు.

మన దగ్గర గాలి లెక్కే వేరు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి గాలి. అక్టోబరు, నవంబరుల్లో బంగాళాఖాతం నుంచి తుపాను గాలి. ఉత్తరం నుంచి అడ్డుకోవలసినంత చలిగాలేదీ రాదు. అంటే వెనక కొండ వల్ల చైనావాడికి కలిగిన మొదటి లాభం మీకు లేదు, కొండ బరువు మాత్రం మిగులుతుంది. ఈ తూర్పు కనుమల్లో ఎక్కువగా కనిపించే రాయి ఖోండలైటు. ఖోండు గిరిజనుల పేరు మీదే దానికాపేరు పెట్టారు. ఎండకూ వానకూ అది మెత్తబడి ఎర్రమట్టిగా మారుతుంది. నాలుగు రోజులు ఎడతెరిపి లేకుండా కురిస్తే ఆ మట్టి నీళ్ళు తాగి బరువెక్కుతుంది, పట్టు వదిలి జారుతుంది. ఇంటికి చదును కావాలని జేసీబీతో కొండ అడుగు కోశారంటే, మోస్తున్నవాడి కాళ్ళు లాగేసినట్టే.

కొండ జారితే ఆ మట్టి, బండలు ఎటు పోతాయి? గెడ్డ దారినే పోతాయి. 2024 జూలై 30 తెల్లవారకముందే వయనాడులో జరిగింది అదే. ఎక్కడో పైన కొండ విరిగింది. బండలూ బురదా వాగు పట్టుకుని కిందికి దూకి ముండక్కై, చూరల్‌మల ఊళ్ళను తుడిచిపెట్టాయి. ఆ ఏడు సెప్టెంబరు వానల్లో మన గూడెంకొత్తవీధి మండలం చట్రాపల్లిలో కూడా కొండచరియలు ఇళ్ళ మీద పడ్డాయి. ‘వెనక కొండ, ముందు నీళ్ళు’ అన్న చోటులో రెండు ప్రమాదాలూ ఒకేచోట కలుస్తాయి.

ఎండాకాలంలో మోకాలిలోతు లేదని గెడ్డను తక్కువ అంచనా వేయకండి. ఒడ్డున వెదురుపొదల్లో, చెట్ల కొమ్మల్లో ఎండుగడ్డి, చెత్త ఎంత ఎత్తున చిక్కుకుని ఉందో చూడండి. వరద అంత ఎత్తు వచ్చిందన్నమాట. మీ స్థలంలో ఓ గొయ్యి తీయండి. నున్నటి గుండ్రాళ్ళు పడితే ఒకప్పుడు గెడ్డ అక్కడ పారింది. తర్వాత కొండ వైపు తిరగండి. చెట్ల మొదళ్ళు కిందికి వంగి, మళ్ళీ నిటారుగా లేచి ఉన్నాయంటే అక్కడ నేల ఏళ్ళ తరబడి మెల్లగా జారుతోంది. నెలవంక ఆకారంలో బీటలున్నా, ఎప్పుడూ లేనిచోట కొత్తగా ఊట పుట్టినా ఆ కింద పశువుల పాక కూడా వేయొద్దు.

మీ అమ్మగారి భయానికి ఇంకో కారణం కూడా ఉండి ఉంటుంది. మన్యం జ్వరం. మలేరియా మోసే దోమల్లో ఈ కొండల్లో పేరుపడ్డ ఒక రకం మురికిగుంటల్లో కాదు, నెమ్మదిగా పారే తేటనీటి గెడ్డ అంచుల్లో, గడ్డి నీడలో పెరుగుతుంది. గెడ్డకు దూరమయ్యేకొద్దీ ఇంట్లోకి వచ్చే దోమ తగ్గుతుంది. పాత ఊళ్ళు నీటికి ఎడంగా, ఎత్తున ఉండటం ఊరికే కాదు. ఆ ఎడం ఖరీదు మాత్రం బిందె మోసిన ఆడవాళ్ళే కట్టారు. ఏ వాస్తు పుస్తకంలోనూ దాని ప్రస్తావన నాకు కనబడలేదు.

కాబట్టి గరువు వైపే మొగ్గండి. అయితే మిట్ట నడినెత్తిన వద్దు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తీరం దాటి లోపలికొచ్చినప్పుడు అరకు కొండల మీద సిల్వర్ ఓక్ చెట్లే నేలకూలాయి, మిట్టన ఉన్న సిమెంటు రేకు ఎంత! పిడుగు భయం కూడా అక్కడే ఎక్కువ. మిట్టకు కాస్త కింద, పల్లానికి బాగా పైన చూసుకోండి. పై వాలులో ఊట ఉంటే పైపు వేసి గ్రావిటీ మీద నీళ్ళు తెచ్చుకోవచ్చు. మన్యంలో చాలా ఊళ్ళు అలాగే తాగుతున్నాయి. ఊటకు కిందన ఇల్లుండాలి, ఊట దారిలో ఉండకూడదు. కొండ కోయక తప్పకపోతే, కోత ఎంత ఎత్తో కనీసం అంత దూరం వదిలి గోడ లేపండి.

మా తాత ఇల్లు కట్టబోయే చోట రాత్రి బియ్యపు గింజలు పెట్టి ఆకు కప్పి, పొద్దున చూసేవాడట. గింజ కదిలితే ఆ చోటు వద్దనేవాడట. నర్సీపట్నం సిద్ధాంతిగారు గొయ్యి తవ్వి అదే మట్టితో పూడ్చి చూడమన్నారు. ఇవి మూఢనమ్మకాలా? – ఒక పాఠకురాలు, రాజేంద్రపాలెం

రెండూ పరీక్షలేనమ్మా. రాత్రికి రాత్రి గింజ మాయమైందంటే అక్కడ చీమలో, ఎలుకలో, పందికొక్కులో ఉన్నట్టు. వాటి బొరియల మీద మట్టిగోడ నిలవదు, ఎలుక వెనకే పాము వస్తుంది. ఒక్క రాత్రితో తేల్చడం మాత్రం తొందరపాటు. పుట్టలు, చెదల జాడ కూడా చుట్టూ చూడాలి.

గొయ్యి పరీక్ష వరాహమిహిరుడి బృహత్సంహితలో ఉంది, 6వ శతాబ్దపు మాట. మూర లోతు, మూర పొడవు, మూర వెడల్పు గొయ్యి తీసి, తీసిన మట్టే తిరిగి పోయాలి. మట్టి మిగిలితే మేలు, సరిపోతే మధ్యమం, చాలకపోతే ఆ నేల పనికిరాదు. ఇందులో మంత్రమేమీ లేదు. గట్టిగా అణిగి ఉన్న మట్టిని పెళ్ళగిస్తే పొంగుతుంది, గోతిలో పట్టక మిగులుతుంది. మట్టి చాలలేదంటే లోపల అంతా డొల్ల. ఎవరో పూడ్చిన నేలో, చెదలు తిన్న నేలో, మొద్దులు కుళ్ళిన పాత పోడో అయి ఉంటుంది. అలాంటి చోట పునాది ఒక పక్క కుంగుతుంది. చేసేటప్పుడు రెండు జాగ్రత్తలు. తీసిన మట్టి ఒక్క పిడికెడు కూడా గడ్డిలో పోకుండా గోనెపట్టా మీద పోయండి. తిరిగి పోసేటప్పుడు కాలితో తొక్కకండి, తొక్కితే మంచి నేల కూడా తప్పుతుంది. పనిలో పనిగా గొయ్యి పక్కల్ని చూడండి. పైన నల్లటి ఆకుమట్టి, దాని కింద ఎర్రమట్టి, ఇంకా కింద పార తగిలితే ఖంగుమనే మొరం. పునాది ఆ మొరం దాకా పోవాలి.

ఆ గ్రంథంలోనే నీటి పరీక్ష కూడా ఉంది. గోతి నిండా నీళ్ళు పోసి, నూరడుగులు నడిచి తిరిగొచ్చేసరికి నీళ్ళు తగ్గకపోతే మంచి నేలట. ఇక్కడ ఆ రోజుల్లో లేని చిక్కొకటి వచ్చింది. మనం ఇప్పుడు ఇంటికి రెండు గుంతల మరుగుదొడ్డి కట్టుకుంటున్నాం. అది పనిచేయాలంటే నీరు నేలలోకి ఇంకాలి. పునాదికి మేలైన నేల మరుగుదొడ్డి గుంతకు కీడు! కాబట్టి పరీక్ష రెండుచోట్ల చేయండి, ఇల్లు లేచే చోట ఒకటి, గుంతల చోట ఒకటి. పొడినేల మొదటిసారి ఎక్కువ తాగుతుంది గనక ఒకరోజు నానబెట్టి మర్నాడు మళ్ళీ నింపి చూడాలి. గుంతలు మంచినీళ్ళ బావికీ ఊటకూ కనీసం 10 మీటర్ల దూరంలో, వాలుకు కిందివైపు ఉండాలి. ఈశాన్యమా వాయవ్యమా అని తర్వాత ఆలోచించుకోవచ్చు.

మా స్థలం నైరుతికి పల్లం. నైరుతి ఎత్తుగా ఉండాలని మేస్త్రీ ఆ మూల నాలుగడుగులు మట్టి పోయమంటున్నాడు. – ఒక పాఠకుడు, డౌనూరు

పోయకండి. నైరుతి ఎత్తుగా, బరువుగా ఉండాలన్న మాట చదునైన పల్లపు ఊళ్ళలో పుట్టి ఉంటుంది. అక్కడ దానికి అర్థముంది. వానాకాలపు జల్లు ఆ మూలనే కొడుతుంది. మందపు గోడ అక్కడ ఉండటం మంచిదే. వాలు నేల మీద ఆ మూల మట్టి పోస్తే జరిగేది వేరు. పోసిన మట్టి రెండు వానలకు దిగుతుంది, దాని మీది గోడ నిలువునా చీలుతుంది. పైనుంచి వచ్చే నీటికి కట్ట కట్టినట్టయి ఇంట్లో చెమ్మ ఊరుతుంది. పైవైపు ఇంటిని చుట్టి పోయేలా కాలవ తీయండి, వాలు ఎలా ఉంటే అలా మెట్లుగా పునాది వేయండి. మీ మేస్త్రీకి సిద్ధాంతం కావాలంటే నైరుతి గోడ 6 అంగుళాలు లావుగా కట్టమనండి, ఆయనకీ తృప్తిగా ఉంటుంది.

దక్షిణ ముఖం ఇల్లు అరిష్టమని సంబంధం వాళ్ళు వెనక్కి తగ్గారు. చైనావాళ్ళు దక్షిణమే శ్రేష్ఠమంటారట. నిజమేమిటి? – ఒక పాఠకురాలు, కాకరపాడు

సంబంధం సంగతి నేను చెప్పలేను, ఎండ సంగతి చెప్తాను. డిసెంబరు మధ్యాహ్నం మీ ఊళ్ళో సూర్యుడు దక్షిణాకాశంలో సుమారు 49 డిగ్రీల ఎత్తున ఉంటాడు. దక్షిణపు అరుగు మీద వెచ్చటి ఎండ పడుతుంది, ముసలివాళ్ళకు హాయి. మే రెండోవారానికి సరిగ్గా నడినెత్తికొస్తాడు, ఆ తర్వాత ఆగస్టు మొదలుదాకా మధ్యాహ్నాల్లో కాస్త ఉత్తరానికే ఉంటాడు. అంటే మండువేసవిలో దక్షిణపు గోడ మీద ఎండ దాదాపు పడదు. రెండున్నర అడుగుల చూరు దించితే చాలు. మిమ్మల్ని వేపుకు తినేది పడమటి గోడ. సామాన్ల గది అటు పెట్టండి, ఓ పనసచెట్టు నాటండి. చలి భయం ఉంటే మాత్రం దిక్కు కన్నా పల్లం చూసుకోవాలి. రాత్రి చల్లగాలి నీళ్ళలాగే కిందికి జారి లోయ అడుగున నిలుస్తుంది. లంబసింగిలో అంత చలి పట్టడానికి అదొక కారణం.

రోడ్డు మలుపు ఎదురుగా స్థలం చౌకగా వస్తోంది. వీధిపోటంటున్నారు. గుమ్మానికి అద్దం పెడితే పోతుందా? – ఒక పాఠకుడు, కొయ్యూరు

ఘాటు దిగే లారీ బ్రేకు అద్దం చూసి ఆగదు. మలుపు బయటి అంచున ఉన్న ఇంటికి రాత్రంతా లైట్లు, హారన్లు, ఏదో ఒకనాడు బండి. చౌకగా ఇస్తున్నది అందుకే. అదే స్థలం మలుపు లోపలివైపు, రోడ్డు మట్టం కన్నా ఎత్తున ఉంటే అంత భయం లేదు. రోడ్డు నీళ్ళు మాత్రం మీ పెరట్లోకి రాకుండా చూసుకోండి.

నవ్వే బుద్ధుడు, మూడుకాళ్ళ కప్ప గురించి అడిగిన మిగతావాళ్ళకు: బొమ్మ బాగుంటే కొనుక్కోండి.

నేను మైదానం నుంచి బదిలీ మీద వచ్చిన గిరిజనేతర ఉపాధ్యాయుణ్ణి. ఇక్కడ 5 సెంట్లు బేరమాడాను. పటం పంపుతున్నాను, ఫెంగ్ షూయి ప్రకారం ఎలా ఉందో చెప్పగలరు. – ఒక పాఠకుడు, కొయ్యూరు

మాస్టారూ, కొయ్యూరు మండలం షెడ్యూల్డు ప్రాంతం. 1959 నాటి భూబదిలీ నిబంధన, దానికి 1970లో చేసిన సవరణ – అందరూ 1/70 అనేది – ఇక్కడ వర్తిస్తాయి. గిరిజనుడి దగ్గరే కాదు, మరో గిరిజనేతరుడి దగ్గర కొన్నా మీకు హక్కు రాదు. లీజు, తాకట్టు కూడా బదిలీ కిందికే వస్తాయి. ఇంకొకరి పేరు మీద కొంటే బినామీ అవుతుంది, డబ్బూ పోతుంది. స్టాంపు కాగితం మీద రాసిచ్చామన్నవాళ్ళ మాట నమ్మి బయానా ఇచ్చి ఉంటే వెంటనే వెనక్కి అడగండి. మీ పటం తిప్పి పంపుతున్నాను. నర్సీపట్నంలో, షెడ్యూల్డు ప్రాంతం కాని చోట, నేల చూసుకున్నాక మళ్ళీ రాయండి. ఈసారి పటంలో వాలు ఎటుందో కూడా గీసి పంపండి.