ల్యాప్‌టాప్‌లో కెర్నెల్ ఎక్స్‌టెన్షన్లు: లోడు కాకపోవడానికి కారణాలు, పరిశీలన క్రమము

కంప్యూటర్ అనగానే మన దృష్టికి తెర, మీటలు, మనము నిత్యము వాడే ప్రోగ్రాములు మాత్రమే వస్తాయి. ఈ ప్రోగ్రాములన్నిటికీ మెమొరీని పంచి ఇచ్చేది, ప్రాసెసర్ కాలాన్ని కేటాయించేది, డిస్కుతోను ఇతర పరికరాలతోను సంబంధము కలిపేది వేరొకటి ఉన్నది. అదే కెర్నెల్. ఈ ఆంగ్ల పదానికి గింజలోని పప్పు అని అర్థము. పై పెంకుకు గీతలు పడినా గింజ మొలకెత్తగలదు; పప్పే పుచ్చిపోతే ఆ గింజ ఎందుకూ పనికిరాదు. పేరు పెట్టినవారు ఔచిత్యమెరిగి పెట్టినారనే చెప్పవచ్చును.

ఆపిల్ సంస్థవారి మాక్ ల్యాప్‌టాప్‌లలోని కెర్నెల్‌కు ఎక్స్.ఎన్.యు. అని పేరు. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయములో రూపొందిన మాక్ అనే కెర్నెల్‌ను, బర్క్‌లీ యూనిక్స్ నుండి గ్రహించిన భాగాలను కలిపి దీనిని నిర్మించినారు. దీనికి అదనపు సామర్థ్యము కల్పించేందుకు చేర్చే ప్రోగ్రాము ముక్కనే కెర్నెల్ ఎక్స్‌టెన్షన్ అంటారు. ఒక ఉదాహరణ చూతము. విండోస్ కంప్యూటర్‌లో ఎన్.టి.ఎఫ్.ఎస్. పద్ధతిలో సిద్ధపరచిన పెన్‌డ్రైవ్‌ను మాక్ చదువగలదు గాని, దానిపై వ్రాయలేదు. ఆ శక్తిని కల్పించే సాఫ్ట్‌వేరులలో కొన్ని కెర్నెల్‌లోనికి ఒక ఎక్స్‌టెన్షన్‌ను పంపుతాయి. అది లోడు కానప్పుడు సాఫ్ట్‌వేరు ఎక్కించినట్లే కనిపిస్తుంది. పని మాత్రము జరుగదు. విద్యార్థి కలవరపడేది ఇక్కడనే.

ఆ కలవరములో పలువురు అనుసరించే మార్గము ప్రమాదకరమైనది. సిస్టమ్ ఇంటెగ్రిటీ ప్రొటెక్షన్ అనే రక్షణను పూర్తిగా తొలగించి, మళ్లీ ప్రయత్నించి చూడుమని ఎవరో ఒకరు సలహా ఇస్తారు. ఒక్క అతిథి లోనికి రాలేదని కోట ద్వారములన్నీ తెరచిపెట్టడము వంటిది ఇది. సాధారణ ప్రోగ్రాము చెడిపోతే అది ఒక్కటే ఆగిపోతుంది. కెర్నెల్‌లోపల చేరినదానికి అట్టి హద్దు లేదు. అది మెమొరీలో ఏ భాగాన్నైనా తాకగలదు. దానిలో ఒక్క దోషమున్నా యంత్రమంతా నిలిచిపోవచ్చును. దీనినే కెర్నెల్ పానిక్ అంటారు. 2024 జూలై 19వ తేదీన క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన ఒక దోషపూరితమైన నవీకరణ, విండోస్ కెర్నెల్‌లో పనిచేసే దాని డ్రైవర్‌ను పడగొట్టినది. సుమారు 85 లక్షల కంప్యూటర్లు స్తంభించినవని మైక్రోసాఫ్ట్ అంచనా వేసినది. విమానాశ్రయాలు, ఆసుపత్రులు సైతము ఇబ్బంది పడినవి. అది దుర్బుద్ధితో చేసిన పని కాదు, కేవలము పొరపాటు. పొరపాటుకే అంత ఫలితమున్నప్పుడు, దుర్బుద్ధితో వచ్చినదానిని లోనికి రానిస్తే ఏమగునో ఊహించవచ్చును.

కనుక ఎక్స్‌టెన్షన్ లోడు కాకపోవడము చాలా సందర్భాలలో యంత్రానికి వచ్చిన జబ్బు కాదు. కావలివాడు వేసిన ప్రశ్న. ఆ ప్రశ్న ఏదో తెలిసికొని, దానికి మాత్రమే సమాధానము చెప్పవలెను. వరుసగా పరిశీలింతము.

మొదటి ప్రశ్న: ఇది ఈ ప్రాసెసర్‌కు సంబంధించినదేనా? 2020 చివర నుండి ఆపిల్ తన సొంత చిప్‌లతో మాక్‌లను విడుదల చేయసాగినది. ఇంటెల్ కోసము వ్రాసిన సాధారణ ప్రోగ్రాములను రొసెట్టా అనే అనువాదకము వీటిలో నడిపించగలదు. కాని అది కెర్నెల్ ఎక్స్‌టెన్షన్లను అనువదించదు. ఇంటెల్‌కు మాత్రమే తయారైన ఎక్స్‌టెన్షన్ ఆపిల్ చిప్ ఉన్న ల్యాప్‌టాప్‌లో ఎన్ని ప్రయత్నాలు చేసినా లోడు కాదు. ఆపిల్ మెనూలో ‘అబౌట్ దిస్ మాక్’ తెరచి చూస్తే చిప్ పేరు తెలియును.

రెండవ ప్రశ్న: ఇది తగిన స్థానములో, తగిన యాజమాన్యములో ఉన్నదా? ఇతర సంస్థల ఎక్స్‌టెన్షన్లు లైబ్రరీ ఫోల్డరులోని ఎక్స్‌టెన్షన్స్ అనే భాగములో ఉండవలెను. వాటికి యజమాని ‘రూట్’, సమూహము ‘వీల్’ అయి ఉండవలెను. ఇతరులకు వ్రాసే అధికారము ఉండరాదు. చేతితో నకలు తీసి అక్కడ పెట్టినవారు ఈ నియమాన్ని తెలియకయే భంగపరుస్తారు. దీనికి విరుగుడు, ఆ సాఫ్ట్‌వేరును తొలగించి తయారీదారు ఇచ్చిన ఇన్‌స్టాలరు ద్వారానే మరల ఎక్కించడము.

మూడవ ప్రశ్న: దీనిపై సంతకమున్నదా? 2014లో వచ్చిన యొసెమిటీ నుండి, తయారీదారు సంఖ్యాసంతకము లేని ఎక్స్‌టెన్షన్‌ను కెర్నెల్ స్వీకరించుట లేదు. 2019 నుండి కొత్త ఎక్స్‌టెన్షన్లను ఆపిల్ పరీక్షకు పంపి ధ్రువీకరణ పొందవలసి ఉన్నది. సంతకము చేసిన తరువాత ఫైలులో ఒక్క అక్షరము మార్చినా అది చెల్లదు. పాత సి.డి.లోని సాఫ్ట్‌వేరు ఇక్కడ ఆగిపోవడము సహజము.

నాల్గవ ప్రశ్న: యజమాని అనుమతి ఇచ్చినాడా? 2017 నాటి హై సియెర్రా నుండి ఈ నియమము అమలులోనికి వచ్చినది. సెట్టింగులలోని ప్రైవసీ, సెక్యూరిటీ విభాగములో ‘అలౌ’ అనే మీట కనిపిస్తుంది. ఈ నియమము వచ్చిన తొలినాళ్లలో అది హెచ్చరిక తరువాత 30 నిమిషములు మాత్రమే ఉండెడిది. మరల లోడు చేయ యత్నిస్తే తిరిగి కనిపించెడిది. 2020 నాటి బిగ్ సర్ నుండి, అనుమతి ఇచ్చిన తరువాత యంత్రాన్ని రీస్టార్ట్ చేస్తేగాని ఎక్స్‌టెన్షన్ లోడు కాదు. ఆపిల్ చిప్ ఉన్నవాటిలో ఇంకొక మెట్టు ఉన్నది. యంత్రాన్ని ఆపి, పవర్ మీటను నొక్కిపట్టి రికవరీలో ప్రవేశించి, స్టార్టప్ సెక్యూరిటీ యుటిలిటీలో ‘రెడ్యూస్డ్ సెక్యూరిటీ’ని ఎన్నుకొని, గుర్తింపు పొందిన తయారీదారుల ఎక్స్‌టెన్షన్లకు అనుమతి ఇవ్వవలెను. పేరే చెప్పుచున్నట్లు ఇది భద్రతను తగ్గించే చర్య. కావున యంత్రము మనది కానప్పుడు, కళాశాలది అయినప్పుడు, బాధ్యుల సమ్మతి లేనిదే దీనిని చేయరాదు.

ఐదవ ప్రశ్న: దీనికి కావలసిన తోడు ఉన్నదా? ప్రతి ఎక్స్‌టెన్షన్ తాను ఆధారపడిన ఇతర భాగాల పేర్లను, కనీస వెర్షన్లను ఇన్ఫో ప్లిస్ట్ అనే తన పత్రములో ప్రకటిస్తుంది. ఆపరేటింగ్ సిస్టమ్ మారినప్పుడు ఆ భాగాలు మారవచ్చును లేక తొలగిపోవచ్చును. నిన్నటి వరకు పనిచేసిన ఎక్స్‌టెన్షన్ అప్‌డేట్ మరునాడు పనిచేయకపోవడానికి ఇదొక ముఖ్య కారణము. కొత్త వెర్షన్ తెచ్చుకొనడమే దీనికి పరిష్కారము.

ఈ ఐదింటిలో అడ్డుపడినది ఏదో ఊహించనక్కరలేదు. బిగ్ సర్ నుండి టెర్మినల్‌లో కె.ఎం.యుటిల్ అనే ఆదేశము లభించుచున్నది. దానికి ‘షోలోడెడ్’ అని చేర్చితే ప్రస్తుతము లోడు అయిన వాటి పట్టిక వస్తుంది. ‘లోడ్’ అని చేర్చి ఎక్స్‌టెన్షన్ ఉన్న చోటు చూపితే, తిరస్కరణకు కారణము వాక్యరూపములో వస్తుంది. ఆ వాక్యాన్ని చదువకుండా మూసివేయడము, వైద్యుడు వ్రాసిన చీటీని చదువకుండా మందుల దుకాణానికి వెళ్లడము వంటిది. తేదీ, సిస్టమ్ వెర్షన్, ఎక్స్‌టెన్షన్ పేరు, వచ్చిన సందేశము, ఈ నాలుగూ నోటుపుస్తకములో వ్రాసికొనవలెను. ఒకసారికి ఒక్క మార్పే చేయవలెను. రెండు మార్పులు కలిపి చేసినవానికి ఏది ఫలించినదో ఎన్నటికీ తెలియదు.

ఒకవేళ ఎక్స్‌టెన్షన్ లోడు అయిన పిదప యంత్రమే సరిగా ప్రారంభము కాకపోతే, సేఫ్ మోడ్‌లో ప్రారంభించవలెను. ఆ స్థితిలో ఇతర సంస్థల ఎక్స్‌టెన్షన్లు లోడు కావు; దోషమున్నదానిని నెమ్మదిగా తొలగించవచ్చును.

అన్నిటికన్న ముందు వేసికొనవలసిన ప్రశ్న మరొకటి ఉన్నది: అసలు కెర్నెల్‌లోనికి వెళ్లడము అవసరమా? 2019లో ఆపిల్ సిస్టమ్ ఎక్స్‌టెన్షన్లు, డ్రైవర్‌కిట్ అనే కొత్త పద్ధతులను ప్రవేశపెట్టినది. వీటిలో డ్రైవర్ కెర్నెల్ వెలుపల సాధారణ ప్రోగ్రాము వలె నడుస్తుంది. చెడిపోతే తానొక్కటే ఆగుతుంది. మన ఉదాహరణలోని పెన్‌డ్రైవ్‌నే తీసికొందాము. దానిలోని ఫైళ్లను వేరొకచోట భద్రపరచి, ఎక్స్‌ఫాట్ పద్ధతిలో మరల సిద్ధపరిస్తే రెండు సిస్టమ్‌లూ చదువగలవు, వ్రాయగలవు. ఏ ఎక్స్‌టెన్షనూ అక్కరలేదు.

పాలకవర్గ సభ్యులకు కూడ ఇక్కడ ఒక విన్నపము. మాక్ ల్యాప్‌టాప్‌లతో వాడేందుకు రికార్డింగ్ యంత్రము గాని, డిస్‌ప్లే అడాప్టర్ గాని కొనదలచినప్పుడు, ధరతోపాటు ఒక మాట అడుగుట మంచిది: దీనికి కెర్నెల్ ఎక్స్‌టెన్షన్ కావలెనా? కావలెనన్నచో దాని కోసము పలువురు విద్యార్థులు పంచుకొనే యంత్రముల భద్రతను తగ్గించవలసి వచ్చును. సిస్టమ్ మారినప్పుడెల్ల ఆ పరికరము మూలపడే అవకాశమును ఉండును. అక్కరలేనిదానికి కొంత హెచ్చు ధర పెట్టినా నష్టము లేదు.